నిండు చతురపు అల్లిక: పనితీరు, కూలి లెక్క

గ్రామ పంచాయతీ సభ్యునకు లేసు అల్లికతో ఏమి పని యని కొందరు ప్రశ్నింపవచ్చును. రోడ్లు, మురుగు కాలువలు, త్రాగునీరు, వీధి దీపములు ఇవియే పంచాయతీ బాధ్యతలని తలచువారికి ఈ ప్రశ్న సహజమే. కాని గ్రామసభలో స్త్రీలు లేచి నిలిచి అడుగు మొదటి మాట తరచుగా పనిని గురించియే యుండును. ఇంటి పట్టున ఉండి నాలుగు రూపాయలు సంపాదించు మార్గము చూపుమని వారు కోరినప్పుడు, ఏదో యొక చేతిపనిలో శిక్షణ యిప్పింతుమని పెద్దలు మాట యిత్తురు. ఆ పని స్వరూపమేమి, దానికి ఎంత కాలము పట్టును, వచ్చిన కూలి ఆ కాలమునకు తగినదా అని విచారించువారు అరుదు.

అందుచేత ఈ వ్యాసమున రెండు విషయములను వివరింపదలచితిమి. మొదటిది, కొక్కెపు సూదితో నిండు చతురమును అల్లు విధానము. రెండవది, ఆ అల్లికకు కూలి కట్టు పద్ధతి. మొదటిది తెలియనివారు రెండవదానిని నిర్ణయింపలేరు. కావున పురుష సభ్యులు కూడ అల్లిక భాగమును దాటవేయక చదువవలెనని మనవి.

మన ప్రాంతపు పరిస్థితి

1931లో మంజీరా నదిపై నిజాంసాగరము పూర్తియైన పిమ్మట బోధన్ పరిసరములు చెరకు సీమగా పేరు పొందినవి. 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము వలన శక్కర్‌నగర్ ఒక పట్టణముగా రూపొందినది. ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. కర్మాగారపు జీతములు పోయిన ఇండ్లలో స్త్రీల సంపాదన బరువు మరింత పెరిగినది.

నిజామాబాదు జిల్లాలో స్త్రీలకు ఇంటి పట్టున దొరకు పనులలో ముఖ్యమైనది బీడీలు చుట్టుట. చాట ఒడిలో పెట్టుకొని, తునికి ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టు ఈ పనిలో వేళ్ళ నేర్పు, లెక్క రెండును కలవు. వెయ్యి బీడీలకు కూలి యెంతయో ప్రతి బీడీ కార్మికురాలికిని నోటికి వచ్చును. అయితే తంబాకు ధూళి ఆరోగ్యమునకు హాని. పొగ త్రాగుట తగ్గిన కొలది ఆ పనియు తగ్గక తప్పదు. ఈ వేళ్ళ నేర్పునకే మరియొక దారి చూపవలెనన్నచో దారపు అల్లిక పరిశీలింపదగినది. పరిశీలింపదగినది అనుచున్నామే కాని, కన్నులు మూసుకొని చేపట్టదగినది అనుట లేదు. కారణము ముందు తెలియగలదు.

అల్లిక చరిత్రలో రెండు ఉదాహరణలు

1840ల నడుమ ఐర్లండు దేశమున బంగాళాదుంప పంట కుళ్ళి ఘోరమైన కరవు వచ్చెను. అప్పుడు క్లోన్స్ అను ఊరిలో మతాచార్యుని భార్యయగు కసాండ్రా హ్యాండ్ 1847లో పేద స్త్రీలకు క్రోషె లేసు నేర్పించుటకు పూనుకొనెను. సూది, దారము తప్ప వేరు పెట్టుబడి లేని ఈ పని ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టినది.

తెలుగునాట ఈ విద్యకు నిలయము పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము. 1844 ప్రాంతమున స్కాట్లాండు మిషనరీ దంపతులగు మెక్రే వారు ఇచ్చట లేసు అల్లికను ప్రవేశపెట్టిరని చెప్పుదురు. ఆ పరిసర గ్రామములలోని స్త్రీలు అల్లిన లేసు దేశ దేశములకు ఎగుమతి అయినది. 2024లో నరసాపురము క్రోషె లేసునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

ఇది నాణెమునకు ఒక ప్రక్క. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1970ల చివర ఆ గ్రామములలో పరిశీలన జరిపి, 1982లో తమ గ్రంథమును ప్రకటించిరి. ఆమె తేల్చిన విషయము ఆలోచింపదగినది. స్త్రీలు దినమునకు ఎన్నో గంటలు అల్లుచున్నను, వారిని పనివారుగా ఎవరును లెక్కింపలేదు. గృహిణులు తీరిక వేళ చేయు కాలక్షేపముగా దానిని భావించిరి. ఆ భావము వలననే కూలి మిక్కిలి తక్కువగా నిలిచినది. లాభము వర్తకులకు, ఎగుమతిదారులకు చేరినది. ఎవరి ఇంటిలో వారు కూర్చుండి అల్లుటచే పొరుగింటికి ఏ ధర ముట్టినదో కూడ వారికి తెలియరాలేదు.

మన జిల్లాలో ఈ పనిని ప్రోత్సహించువారు నరసాపురము నుండి నేర్పును గ్రహింపవలెను. అచ్చటి కూలి పద్ధతిని మాత్రము తెచ్చుకొనరాదు.

నిండు చతురము అనగానేమి?

ఇంగ్లీషులో గ్రానీ స్క్వేర్ అని పేరుగల చతురము లోకమంతట ప్రసిద్ధము. నడుమ ఒక చిన్న వలయముతో మొదలుపెట్టి, చుట్లు చుట్లుగా నాలుగు మూలలను పెంచుచు పోవుటయే దాని తీరు. బతుకమ్మను పేర్చునప్పుడు ఒక వరుస పూర్తియైన పిదపనే పై వరుసకు పోయినట్లు, ఇందును ఒక చుట్టు ముగిసిన పిమ్మటనే తరువాతి చుట్టు. అయితే బతుకమ్మ పైకి పోయిన కొలది సన్నమగును, చతురము పోయిన కొలది వెడల్పగును.

మామూలు గ్రానీ చతురములో కుట్ల గుంపుల నడుమ ఖాళీలుండును. నిండు చతురములో మూలలందు తప్ప మరెచ్చటను ఖాళీ యుండదు. కనుక అది గట్టిగా నుండును, వెచ్చదనమిచ్చును, దిండు గలేబులకు, సంచులకు, చలికాలపు దుప్పట్లకు అక్కరకు వచ్చును. దారము మాత్రము కొంత ఎక్కువ పట్టును.

కావలసిన వస్తువులు

నేర్చుకొనువారికి మధ్యరకపు ఊలు గాని, నూలు దారము గాని మంచిది. సన్నని లేసు దారముతో ఆరంభించినచో కుట్లు కంటికి ఆనవు. లేత రంగు దారము మేలు. నల్లని దారములో తప్పులు కనబడవు. నాలుగు మిల్లీమీటర్ల కొక్కెపు సూది, కత్తెర, దారపు కొసలను దాచుటకు పెద్ద బెజ్జము గల మొద్దు సూది, కొలత టేపు ఉన్నచో చాలును.

తెలియవలసిన మూడు కుట్లు

గొలుసు కుట్టు: సూదిపై నున్న ఉచ్చు గుండ దారమును కొక్కెముతో లాగినచో ఒక గొలుసు కన్ను ఏర్పడును.

జారు కుట్టు: సూదిని కావలసిన కన్నులో గ్రుచ్చి, దారమును పట్టి, ఆ కన్ను నుండియు సూదిపై నున్న ఉచ్చు నుండియు ఒకే లాగుడులో వెలికి తీయవలెను. చుట్టును మూయుటకు ఇది పనికివచ్చును.

నిలువు కుట్టు: చతురమంతయు దీనితోనే అల్లబడును. సూదిపై దారమును ఒకసారి చుట్టి, కన్నులో గ్రుచ్చి, దారమును లాగినచో సూదిపై మూడు ఉచ్చులు నిలుచును. మరల దారమును పట్టి రెండు ఉచ్చుల గుండ లాగవలెను, రెండు మిగులును. ఇంకొకసారి పట్టి ఆ రెండింటి గుండ లాగినచో ఒకటి మిగులును. అప్పటికి కుట్టు పూర్తియైనది. ఈ కుట్టును అమెరికా పుస్తకములలో డబుల్ క్రోషె అనియు, ఇంగ్లండు పుస్తకములలో ట్రెబుల్ క్రోషె అనియు వ్రాయుదురు. బయటి ఊరి నుండి నమూనాతో పని వచ్చినప్పుడు, ఏ దేశపు పేర్లు వాడిరో ముందుగా విచారింపనిచో సరకంతయు తప్పుగా తయారగు ప్రమాదము కలదు.

అల్లు విధము

మొదటి చుట్టు: నాలుగు గొలుసు కన్నులు అల్లి, మొదటి కన్నులో జారు కుట్టు వేసి వలయము చేయవలెను. తరువాత మూడు గొలుసు కన్నులు అల్లవలెను. ఇవి ఒక నిలువు కుట్టుతో సమానము. వలయములోనికే మరి రెండు నిలువు కుట్లు వేయవలెను. ఇది ఒక ప్రక్క. పిదప రెండు గొలుసు కన్నులు మూలకొరకు అల్లి, వలయములో మూడు నిలువు కుట్లు వేయవలెను. ఇట్లు రెండు కన్నులు, మూడు కుట్లు చొప్పున మొత్తము మూడుసార్లు చేసి, చివర రెండు కన్నులు అల్లి, ఆరంభపు మూడు కన్నుల శిరమున జారు కుట్టుతో మూయవలెను. నాలుగు ప్రక్కల మూడేసి, మొత్తము 12 కుట్లు ఉండవలెను.

రెండవ చుట్టు: మూడు కన్నులు అల్లి, తరువాతి రెండు కుట్లపై ఒక్కొక్క నిలువు కుట్టు వేయవలెను. మూల ఖాళీలో రెండు నిలువు కుట్లు, రెండు గొలుసు కన్నులు, మరల రెండు నిలువు కుట్లు వేయవలెను. ప్రతి మూలకును ఇదియే నియమము. మూలకును మూలకును నడుమ నున్న ప్రతి కుట్టుపైనను ఒక్కొక్క కుట్టు వేయుచు పోయి, నాల్గవ మూల ముగిసిన పిమ్మట ఆరంభపు కన్నుల శిరమున మూయవలెను. ప్రక్కకు ఏడు, మొత్తము 28.

మూడవ చుట్టు: మూడు కన్నులు అల్లి, మూల వచ్చువరకు తరువాతి నాలుగు కుట్లపై కుట్లు వేయవలెను. మూలలను పైన చెప్పినట్లే చేయవలెను. నాల్గవ మూల తరువాత ఇంకను రెండు కుట్లు మిగిలియుండును. వానిపై కూడ వేసిన పిమ్మటనే చుట్టును మూయవలెను. క్రొత్తవారు ఈ రెండింటిని మరచుటచే ఒక ప్రక్క కురుచయగును. ప్రక్కకు 11, మొత్తము 44.

నాల్గవ చుట్టు: ఇదే రీతి. ఆరంభపు కన్నులతో కలిపి మొదటి మూలకు ముందు ఏడు కుట్లు, నాల్గవ మూల తరువాత నాలుగు కుట్లు వచ్చును. ప్రక్కకు 15, మొత్తము 60.

చుట్టు చుట్టుకు ప్రక్కకు నాలుగు కుట్లు, మొత్తము మీద పదునారు కుట్లు పెరుగుచుండును. ఈ సూత్రము గుర్తున్నచో ఎంత పెద్ద చతురమునైనను సరిచూడవచ్చును. అయిదవ చుట్టులో ప్రక్కకు 19, మొత్తము 76. దారమును త్రెంచి, చివరి ఉచ్చు గుండ లాగి బిగించి, కొసలను మొద్దు సూదితో వెనుక వైపు కుట్లలో దాచవలెను.

లోపములు, కారణములు

చతురము గిన్నెవలె పైకి ముడుచుకొన్నచో మూలలో కుట్లు తక్కువైనవనియో, దారము మిక్కిలి బిగించితిరనియో తెలిసికొనవలెను. అంచులు అలలవలె లేచినచో కుట్లు ఎక్కువైనవి. ఒక ప్రక్క లెక్క తగ్గినచో, మూల దాటిన వెంటనే వచ్చు మొదటి కుట్టును విడిచిరేమో చూడవలెను. మూల కుట్ల క్రింద అది దాగియుండును. పూర్తియైన చతురములను తడిపి, నీరు పిండి, పలకపై నాలుగు మూలలు సరిగా పరచి గుండుసూదులు గ్రుచ్చి నీడలో ఆరబెట్టినచో అన్నియు సమానముగా వచ్చును. అట్లు చేయక కలిపిన దుప్పటి వంకరపోవును.

కలుపునప్పుడు రెండు చతురములను ప్రక్క ప్రక్కన పెట్టి, కుట్టునకు కుట్టు సరిపోవునట్లు పదునైదింటిని పదునైదింటితో కూర్చవలెను. ఒకదానిలో పదునాలుగే యున్నచో లాగి సరిపెట్టక, విప్పి మరల అల్లించుట మంచిది.

కూలి లెక్క

ఇప్పుడు సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన భాగమునకు వచ్చుచున్నాము. నాలుగు చుట్ల చతురములో 12, 28, 44, 60 కలిపి 144 కుట్లుండును. పైన చెప్పిన సూది, దారములతో అది సుమారు నాలుగు అంగుళములు వచ్చును. చేతి బిగువును బట్టి కొంత తేడా యుండును. నలుబది అంగుళముల వెడల్పు, అరువది అంగుళముల పొడవు గల చిన్న దుప్పటికి పది పదునైదుల 150 చతురములు కావలెను. అనగా కలుపు కుట్లను విడిచినను 21,600 కుట్లు. చతురమునకు రెండేసి చొప్పున 300 దారపు కొసలను దాచవలెను.

ఒక ఉదాహరణ తీసికొందము. అలవాటైన చేతికి ఒక చతురమునకు ఇరువది నిమిషములు పట్టుననుకొందము. 150 చతురములకు 3,000 నిమిషములు, అనగా 50 గంటలు. కలుపుటకు, కొసలు దాచుటకు, అంచు కట్టుటకు మరి 10 గంటలు వేసికొన్నచో మొత్తము 60 గంటలు. వర్తకుడు దారము తానే యిచ్చి, దుప్పటికి ఆరువందల రూపాయలు ఇత్తుననినచో, వినుటకు పెద్ద మొత్తముగనే తోచును. గంటకు లెక్క కట్టినచో పది రూపాయలు. ఎనిమిది గంటల దినమునకు ఎనుబది. ఈ లెక్క గ్రామసభలో బల్లపై వ్రాసి చూపినచో, అంగీకరింపవలెనో వలదో స్త్రీలే నిర్ణయింపగలరు.

అదే దుప్పటికి గంటకు యాబది రూపాయలు దక్కవలెనన్నచో కూలి మాత్రమే మూడు వేలు కావలెను. దారపు ఖరీదు, రవాణా దానిపై చేరును. ఆ ధరకు కొనువారు దొరకనిచో దుప్పట్లు అల్లించుట మాని, చిన్న వస్తువులకు పోవలెను. పదునారు అంగుళముల దిండు గలేబు ముఖమునకు పదునారు చతురములు చాలును. కలుపుటతో సహా సుమారు ఆరు గంటల పని.

ఇందు ఇంకొక సూక్ష్మము కలదు. ఆ గలేబునే పదునారు చుట్ల ఒకే పెద్ద చతురముగా అల్లినచో 2,112 కుట్లు పట్టును. పదునారు చిన్న చతురములకు 2,304. కలుపు పనియు, కొసలు దాచు పనియు మిగులును. కాని చిన్న చతురములు పదిమంది పంచుకొని చేయవచ్చును. చెడినదానిని వేరుచేయవచ్చును. రంగులు మార్చవచ్చును. ఒంటరిగా అల్లువారికి పెద్దది, సంఘముగా అల్లువారికి చిన్నది మేలని చెప్పవచ్చును.

కుట్టుమిషను వంటి యంత్రము ఏదైనను ఈ పనిని త్వరలో లాగివేయునేమో యను భయము కొందరికి కలదు. నిజమైన క్రోషె అల్లిక నేటికిని చేతితోనే సాగుచున్నది. అంగడిలో అమ్ము ప్రతి క్రోషె వస్తువు వెనుకను ఎవరిదో యొక చేయి కలదు. అది మిక్కిలి చౌకగా అమ్ముడగుచున్నదన్నచో, ఆ చేతికి కూలి ముట్టలేదని గ్రహింపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, చోటు. మధ్యాహ్నము రెండు మూడు గంటలు స్త్రీలు కలిసి కూర్చుండుటకు పంచాయతీ భవనములో గాని, సామూహిక భవనములో గాని వెలుతురు గల గదిని ఇవ్వవలెను. కలిసి కూర్చున్నచోట ధర దాగదు. నరసాపురపు గ్రామములలో కొరవడినది ఇదియే.

రెండవది, పని పుస్తకము. చతురమునకు పట్టిన కాలము, దారపు తూకము, ముట్టిన కూలి అందులో వ్రాయవలెను. మొదటి చతురమును తూచి 150తో హెచ్చించినచో దుప్పటికి కావలసిన దారము ముందే తెలియును. దారమును గ్రామ సమాఖ్య ద్వారా టోకున కొన్నచో అప్పుల దారము బెడద తప్పును.

మూడవది, గుర్తింపు. కేంద్ర హస్తకళల శాఖ వారు చేతిపనివారికి పహచాన్ కార్డులు ఇచ్చుచున్నారు. అర్హులు దరఖాస్తు చేసికొనునట్లు చూడవలెను. బీడీ కార్మికురాండ్ర విషయమున 1966లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి, ఇంటి వద్ద చుట్టువారిని కూడ కార్మికులుగా గుర్తించినది. ఇంటి గడప లోపల చేసినను పని పనియే యను న్యాయము మన జిల్లా స్త్రీలకు క్రొత్త కాదు.

నాల్గవది, పేరు. మన ఊరి సరకును నరసాపురము లేసు అను పేరుతో అమ్మరాదు. భౌగోళిక గుర్తింపు పొందిన పేరును ఇతర ప్రాంతములవారు వాడుట చట్టవిరుద్ధము. మన ఊరి పేరే పెట్టి, దానికి మంచి పేరు తెచ్చుట ఉత్తమము.

అయిదవది, తొందరపడకుండుట. ఒక మాసము పది మందితో ఆరంభించి, చిన్న వస్తువులు చేయించి, నిజామాబాదు అంగళ్ళలో ధర విచారించి, గంట కూలి లెక్క తేలిన పిమ్మటనే ఎక్కువమందికి శిక్షణ ఇప్పింపవలెను. లెక్క తేలక ముందే వందమందికి సూదులు పంచినచో, ఫొటోలు మిగులును గాని కూలి మిగలదు.

2016 జనవరిలో చెన్నై నగరమున అనేక ప్రాంతముల స్త్రీలు తాము అల్లిన చతురములను ఒకచోట చేర్చి 11,148.5 చదరపు మీటర్ల దుప్పటిని పరచి, ప్రపంచ రికార్డు సాధించిరి. ఒక్కొక్కరు అల్లినది కొద్దియే. కలిపినప్పుడు అది ఒక మైదానమును కప్పినది. పంచాయతీ సభ్యులు తమ ఊరి స్త్రీలకు అట్టి కలయికకు చోటు కల్పించి, ఒక్కొక్క చతురమునకు తగిన వెల నిర్ణయించుటలో తోడ్పడుదురని ఆశించుచున్నాము. రాబోవు గ్రామసభ కార్యక్రమ పట్టికలో ఈ విషయమును చేర్చి, బల్లపై లెక్క వ్రాసి చర్చింపగోరుచున్నాము.